త్యాగానికి వంతులు

వీడియో ఆటను గురించి, అందులోనూ ఒక జపాను ఆటను గురించి, ఈ పుటలో వ్రాయడమేమిటని మిత్రులలో కొందరికి అనిపించవచ్చు. నవలను చదివే బుద్ధితోనే ఆటనూ చదవవచ్చునని నా నమ్మకం. ఆ నమ్మకం లేనివారు నాలుగు పేరాలు ఓపిక పట్టి, ఆపైన తిట్టదలిస్తే నిస్సంకోచంగా తిట్టవచ్చు.

ఆట పేరు ఫైనల్ ఫాంటసీ టెన్. స్క్వేర్ సంస్థ 2001లో ప్లేస్టేషన్ టూ కోసం విడుదల చేసినది. కథనంలో ప్రధానమైన చెయ్యి కజుషిగే నొజిమాది. 2013లో దాన్ని మెరుగైన బొమ్మలతో మళ్ళీ తెచ్చారు. 2016లో కంప్యూటరు మీదికీ వచ్చింది. నేను ఆడినది మాత్రం మొదటి రూపాన్నే, ఒక స్నేహితుని గదిలో, అతను పనికి వెళ్ళిన వేళల్లో. కథ మొత్తం బయటపెట్టకుండా నా మాట చెప్పడం సాధ్యం కాదు కనుక, ముందుముందు ఆడదలచుకున్నవారు ఇక్కడ ఆగిపోవడం మంచిది.

ఈ ఆటను ప్రేమించినవాళ్ళ మధ్య ఇరవై ఏళ్ళు దాటినా తెగని వాదం ఒకటుంది. ఇది ఆత్మత్యాగాన్ని పొగిడే కథా, తెగడే కథా? పొగిడేదే అనేవారు యూనా అనే అమ్మాయి ధైర్యాన్ని చూపిస్తారు. తెగడేదే అనేవారు అదే యూనా చివరికి చావడానికి నిరాకరించడాన్ని చూపిస్తారు. ఇంకొందరు మరీ కఠినులు: నడిమి భాగంలో త్యాగాన్ని కాదన్న కథ, ముగింపులో ఇంకొకరి త్యాగంతోనే కన్నీళ్ళు పెట్టించింది కాబట్టి రచయితలకే ఏం చెప్పాలో తెలియలేదంటారు. ఈ మూడు పక్షాలవారూ ప్రశ్నను తప్పుగా వేసుకున్నారని నా అభిప్రాయం. ఆట విచారిస్తున్నది త్యాగం మంచిదా చెడ్డదా అని కాదు. త్యాగం వంతుగా మారినప్పుడు ఏమవుతుందని.

ఆడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. స్పైరా అనే లోకం. సముద్రంలోంచి లేచి ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టే మహాకాయం ఒకటి వేయి సంవత్సరాలుగా దాన్ని పీడిస్తోంది. దాని పేరు సిన్, అంటే పాపం. యంత్రాలను నమ్ముకుని మనిషి చేసిన పాపమే ఆ రూపం ధరించిందనీ, ప్రాయశ్చిత్తం పూర్తయిననాడు అదే పోతుందనీ యెవోన్ మతం బోధిస్తుంది. అంతవరకూ దాన్ని తాత్కాలికంగా అణచగలిగేవారు ఆవాహకులు (ఈ మాట నా అనువాదం, ఇంతకన్న మంచిది తోచినవారు చెప్పండి). ఆవాహకుడు రక్షకులను వెంటబెట్టుకుని గుడి గుడికీ నడవాలి. ప్రతి గుడిలోనూ ప్రార్థించి ఏయాన్ అనే ఒక్కొక్క శక్తిమూర్తిని సంపాదించుకోవాలి. కడపట జానర్కండ్ అనే శిథిలనగరం చేరి అంతిమ ఆవాహనను పొందాలి. అది సిన్‌ను కూలుస్తుంది. పిలిచినవారి ప్రాణాన్నీ తీస్తుంది. ఆపైన కొంతకాలం శాంతి. జనం ఊళ్ళు కట్టుకుంటారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. సిన్ మళ్ళీ వస్తుంది. మళ్ళీ ఎవరో బయలుదేరుతారు.

యూనాకు 17 ఏళ్ళు. ఆమె తండ్రి బ్రాస్కా పదేళ్ళ క్రితం సిన్‌ను కూల్చి చనిపోయిన మహా ఆవాహకుడు. తల్లి అంతకుముందే సిన్‌కు బలైంది. తండ్రి పేరు చెప్పగానే ఊరూరా జనం ఈ అమ్మాయికి వంగి నమస్కరిస్తారు, పిల్లలు పరుగెత్తుకువస్తారు, ముసలివాళ్ళు కళ్ళొత్తుకుంటారు. ఆ నమస్కారంలో ఉన్న క్రౌర్యం మొదటిసారి ఆడేటప్పుడు మనకు అర్థం కాదు. ఎందుకంటే యాత్ర చివర ఆమె చనిపోతుందన్న సంగతి మనకు తెలియదు. మనం ఎవరి కళ్ళతో ఆ లోకాన్ని చూస్తున్నామో ఆ టీడస్ అనే కుర్రవాడికీ తెలియదు.

టీడస్ ఎక్కడినుంచో వచ్చిపడినవాడు. తనది వేయి సంవత్సరాల నాటి వైభవోజ్జ్వలమైన జానర్కండ్ అని అతను అనుకుంటాడు. నీళ్ళలో ఆడే బ్లిట్జ్‌బాల్ అనే ఆటలో మేటి. నోటికి అదుపు లేనివాడు. ఈ పాత్రను ఎగతాళి చేసినంతగా ఆ వరుస ఆటలలో మరే పాత్రనూ ఎవరూ ఎగతాళి చేసి ఉండరు. మరీ ముఖ్యంగా లూకా పట్టణం దగ్గర యూనా, అతనూ కలిసి కావాలని గట్టిగా, కృత్రిమంగా నవ్వే ఘట్టం ఒకటుంది. ఇంత అసహజమైన నవ్వు ఎక్కడా వినలేదని దాన్ని వేరుగా కత్తిరించి ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు. అసహజంగా ఉండాలనే కదా వాళ్ళు నవ్వినది! దుఃఖంలోనూ నవ్వడం అభ్యాసం చేస్తున్న ఇద్దరు పిల్లల నవ్వు అది. ఒకరికి తన దుఃఖమేమిటో తెలుసు, రెండోవారికి ఎదుటివారి దుఃఖమేమిటో తెలియదు. ఆ తేడా తెలిసిన తర్వాత ఆ ఘట్టాన్ని మళ్ళీ చూసి నవ్వగలిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఆ తెలియనితనమే ఈ కథకు ఇరుసని నా వాదన. సిన్‌ను ఓడించాక అదీ చేద్దాం, ఇదీ చూద్దాం, మా జానర్కండ్‌కు తీసుకువెళతానని టీడస్ యూనాతో ఉత్సాహంగా చెబుతూనే ఉంటాడు. చుట్టూ ఉన్న రక్షకులందరికీ నిజం తెలుసు. వక్కాకు తెలుసు, లులూకు తెలుసు, చిన్నప్పటినుంచి యూనాను కాపాడిన కిమారీకి తెలుసు, తన కళ్ళముందే ఇదంతా ఒకసారి జరగగా చూసిన ఔరన్‌కు మరీ బాగా తెలుసు. ఒక్కరూ చెప్పరు. వక్కా, లులూ మొదట యూనాను వారించినవాళ్ళే. ఆమె వినలేదు. వినకపోయాక వాళ్ళు చేసినది ఆ విషయాన్ని మాట్లాడటం మానెయ్యడం. నిజం చివరికి అల్ బెద్ జాతి నివాసంలో, మంటల మధ్య, రిక్కూ ద్వారా బయటపడుతుంది. అప్పటిదాకా ఆవాహకులను ఎత్తుకుపోయే దుర్మార్గులుగా మనకు చూపించినవాళ్ళు ఈ అల్ బెద్లే. వాళ్ళు ఎత్తుకుపోతున్నది చావుకు నడిచివెళ్తున్న పిల్లలను ఆపడానికి. మతభ్రష్టులని లోకమంతా వెలివేసిన జాతికి తప్ప ఇంకెవరికీ, ఆపితే ఏమని తోచలేదు.

ఇక్కడ ఆటకు మాత్రమే సాధ్యమైన పని ఒకటి జరిగిందని గమనించాలి. అప్పటివరకు ప్రతి గుడిలోనూ కొత్త ఏయాన్ దొరికినప్పుడు మనం సంబరపడ్డాం. దానికి మనమే పేరు పెట్టాం, దాని బలం పెంచాం. ఒక్కొక్క ఏయాన్‌తో ఆ అమ్మాయిని చావుకు ఒక్కొక్క మజిలీ దగ్గర చేసినది మన చేతులే. నవలలో పాఠకుడు ఇంతగా ఇరుక్కోడు.

అభిమానులు బాగా చర్చించుకున్న ఊహ ఇంకొకటుంది. యూనాకు అసలు బ్రతకాలని లేదా? తల్లీ తండ్రీ పోయిన పిల్ల, త్యాగం పేరుతో వాళ్ళ దగ్గరకు పోవాలనుకుందా? ఈ ఊహను పూర్తిగా తోసిపుచ్చలేను గాని, నాకు ఇది తేలిక మార్గంగా తోస్తుంది. ఆమె మనసులో రోగం వెతికితే ఆమెకు నమస్కరించిన చేతుల సంగతి అడగనక్కరలేకుండా పోతుంది. ఆమె తన మిత్రులకు ఒక్కొక్కరికీ వీడ్కోలు చెబుతూ ముందుగానే రికార్డు చేసి పెట్టుకున్న గోళం ఒకటి, జానర్కండ్ చేరకముందు టీడస్ చేతికి దొరుకుతుంది. చావాలని కోరుకునే మనిషి మాటలు కావవి. పోయే ముందు ఇంటి పనులన్నీ చక్కబెట్టుకునే మనిషి మాటలు. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టవలసిన అవసరం లేకుండా లోకం ఏర్పాటై ఉంది.

ఈ ఏర్పాటు మనకు కొత్తది కాదు. ఏకచక్రపురం కథ తెలియని తెలుగువాడుండడు. బకాసురుడికి రోజుకొక ఇంటివారు వంతు ప్రకారం బండెడు అన్నం, దున్నపోతులు, తీసుకువెళ్ళే మనిషితో సహా పంపాలి. బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చిన రాత్రి నేను పోతానంటే నేను పోతానని తండ్రి, తల్లి, కూతురు వాదులాడుకుంటారు. ముగ్గురూ నిజంగానే త్యాగులు. ముగ్గురి వాదమూ కన్నీళ్ళు తెప్పిస్తుంది. కాని వాళ్ళ వాదంలో ఎక్కడా బకాసురుణ్ణి ఎందుకు చంపకూడదన్న ప్రశ్న రాదు. ఆ మాట అన్నది పుల్లతో ఆడుకుంటున్న ముద్దుమాటల పసివాడు. దీనితో ఆ రాక్షసుణ్ణి చంపేస్తానని గడ్డిపరక ఊపుతాడు. అంత దుఃఖంలోనూ పెద్దవాళ్ళకు నవ్వొస్తుంది. సరిగ్గా ఆ క్షణానే కుంతి లోపలికి వస్తుంది. వంతుల పట్టికలో పేరు లేని భీముడు బండి తోలుకుపోతాడు, దారిలో ఆ అన్నం తినేస్తాడు కూడా.

హర్షుని నాగానందంలోనూ ఇదే అమరిక. గరుత్మంతుడు నాగులను ఇష్టం వచ్చినట్టు చంపుతుంటే, జాతి మొత్తం నాశనమవుతుందన్న భయంతో రోజుకొకరిని పంపుతామని ఒప్పందం చేసుకున్నవాడు నాగరాజు వాసుకే. శంఖచూడుడి వంతు వచ్చిన రోజున, నాగుడే కాని జీమూతవాహనుడు ఎర్రబట్ట కప్పుకుని శిల మీద కూర్చుంటాడు. మనం జీమూతవాహనుణ్ణి త్యాగశీలి అని కీర్తించి ఊరుకుంటాం. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది, గరుత్మంతుడు పశ్చాత్తాపపడినది తాను తినవలసినవాణ్ణి కాక తినకూడనివాణ్ణి తిన్నానని తెలిసినప్పుడే అన్న సంగతి. అన్నాళ్ళు వంతు ప్రకారం వచ్చిన ఏ నాగుడి చావూ అతనికి పాపంగా తోచలేదు. వంతు పాపాన్ని కనబడనివ్వదు.

రెండు కథల్లోనూ ఏర్పాటును విరగ్గొట్టినవాడు బయటివాడు. టీడస్ కూడా అంతే. అతని అజ్ఞానాన్ని చూసి ఇంత తెలివితక్కువ నాయకుడేమిటని విసుక్కునేవారికి నేను చెప్పేది ఒక్కటే. అతను ఆ గడ్డిపరక పట్టుకున్న పసివాడు. స్పైరాలో పెరిగిన ఏ తెలివైనవాడికీ రాని ప్రశ్న అతనికి వచ్చిందంటే, అతనికి ఆ లోకపు మర్యాద తెలియకపోవడం వల్లనే.

ఇంతకీ వంతులు నడిపేవాళ్ళ మాట. వేయి సంవత్సరాలలో సిన్‌ను కూల్చగలిగిన మహా ఆవాహకులు ఐదుగురే: యూనలెస్కా, గాండోఫ్, ఒహలాండ్, యోకున్, బ్రాస్కా. దారిలో చనిపోయినవారికి లెక్క లేదు. లులూ ఇదివరకు కాపాడబోయిన ఆవాహకురాలు ఒక గుహలోనే చనిపోయింది. యాత్ర చేస్తున్న మరొక ఆవాహకుడు ఇసారూకు రక్షకులు అతని సొంత తమ్ముళ్ళు. జానర్కండ్‌లో ఏం జరుగుతుందో తెలిశాక ఆ సంగతి తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అంతిమ ఆవాహనకు కావలసిన ఏయాన్ గుడిలో దొరికేది కాదు. ఆవాహకుడితో గాఢమైన అనుబంధం ఉన్న రక్షకుడు ఒకరు తమ ప్రాణమిచ్చి ఆ ఏయాన్‌గా మారాలి. అది సిన్‌ను కూల్చాక, సిన్‌కు మూలమైన యూ యెవోన్ ఆ ఏయాన్‌నే ఆవహించి దాన్నే కొత్త సిన్‌గా మారుస్తాడు. అంటే గత పదేళ్ళుగా ఊళ్ళను తుడిచిపెడుతున్న సిన్, బ్రాస్కా కోసం ప్రాణమిచ్చిన జెక్ట్. టీడస్ తండ్రి. త్యాగం ఫలించకపోవడం ఒక ఎత్తు. త్యాగం చేసినవాడే మరునాటి రాక్షసుడు కావడం ఇంకొక ఎత్తు.

ఈ రహస్యాన్ని కాపాడే మతానికి అధిపతి మీకా. ఆయన చాలా కాలం క్రితమే చనిపోయాడు! స్పైరాలో చనిపోయినవారిని ఆవాహకులు నృత్యంతో పరలోకానికి పంపకపోతే, సంకల్పబలం ఉన్నవారు ఇక్కడే తిరుగుతూ ఉండిపోగలరు. పదిహేడేళ్ళ పిల్లలను చావుకు పంపుతున్న పెద్దమనిషి తాను చచ్చిపోయి కూడా పీఠం వదలలేదన్నమాట. (మన దగ్గర పదవులు వదలనివారిని గురించి ఇక్కడ ఒక చమత్కారం వ్రాయబోయి మానుకున్నాను. మీరే ఊహించుకోండి.) అంతిమ ఆవాహన ఇక లేదని తెలిసినప్పుడు ఈ మీకా ఏం చేస్తాడో చూడండి: ఇక ఆశ లేదని చెప్పి, రాబోయే నాశనం కళ్ళ చూడకుండా అక్కడికక్కడే మాయమైపోతాడు. ఆటలో నాకు అత్యంత కోపం తెప్పించిన నాలుగు నిమిషాలు అవి.

యూనలెస్కా మీకా లాంటిది కాదు. అందుకే ఆమె ఎక్కువ భయపెడుతుంది. వేయి సంవత్సరాల క్రితం మొదటి అంతిమ ఆవాహన చేసినది ఆమె. ఆమె కోసం ఏయాన్‌గా మారినవాడు ఆమె భర్త జావోన్. చనిపోయి కూడా జానర్కండ్‌లో కూర్చుని, వచ్చిన ప్రతివారికీ అదే బేరం చెబుతుంది. సిన్‌కు అంతం లేదు, ఉన్నదని ప్రజలు నమ్మితే బ్రతకగలుగుతారు, ఆ నమ్మకానికి ఖరీదు మీ ప్రాణాలు. ఆమె చెప్పేది మోసం కావచ్చు, ఆమె మాత్రం వంచకురాలు కాదు. ఇచ్చినది నిజంగానే ఇచ్చింది. ఇచ్చినవాళ్ళే వంతుల పట్టికకు అందరికంటే కఠినమైన కాపలాదారులవుతారు. "మేము పడలేదా?" అన్న మాట మన ఇళ్ళలో ఎవరి నోట వస్తుందో గుర్తు చేసుకుంటే యూనలెస్కాను అర్థం చేసుకోవడానికి జపాను దాకా పోనక్కరలేదు.

1976లో వచ్చిన అంతులేని కథ నాకు ఇక్కడ గుర్తుకు రావడం సహజమే. జయప్రద పోషించిన సరిత, ఉద్యోగం చేసి ఇంటిల్లిపాదినీ పోషించే ఆడపిల్ల. బయటపడే దారి దొరికినట్టే దొరికి మూసుకుపోతుంది. ఆమె మళ్ళీ ఆ ఉద్యోగానికే బయలుదేరుతుంది. ఆ సినిమా మనచేత సరిత కోసం ఏడిపించింది. ఇంట్లో ఇంకెవరూ ఎందుకు కదలరన్న కోపం కూడా తెప్పించింది. ఆ రెండోదాన్ని మనం త్వరగా మరచిపోయి, త్యాగమూర్తి అన్న మాటను మాత్రం జ్ఞాపకం ఉంచుకున్నాం.

జానర్కండ్‌లో యూనా చేసినది మరచిపోకపోవడం. నీ రక్షకులలో ఒకరిని ఎంచుకో అన్న యూనలెస్కాను ఎదిరించి, ఆమెను అంతం చేస్తారు. దానితో అంతిమ ఆవాహన లోకంలోంచే పోతుంది. ఇది తేలికైన నిర్ణయమని ఆట నటించదు. వేరే ఉపాయం ఏదీ చేతిలో లేకుండానే, ఉన్న ఒక్క ఉపాయాన్నీ వాళ్ళు కాల్చివేశారు. అభిమానులలో దీన్ని బాధ్యతారాహిత్యమనేవారున్నారు. వాళ్ళ మాటలో బలం లేకపోలేదు. ఉపాయం దొరకకపోయి ఉంటే స్పైరాకు ఆ కొద్ది శాంతి కూడా దక్కేది కాదు. ఐతే ఆ కొద్ది శాంతి కోసం తర్వాతి ఇసారూ తన తమ్ముణ్ణి ఇవ్వాలి. ఆ లెక్కలో ఆ తమ్ముడి చోట ఎవరి పేరు వ్రాస్తారో చెప్పకుండా ఈ వాదం చేయడం నాకు నచ్చదు.

ఇక సీమోర్. ఆటలో ప్రతినాయకుడు, అందరూ అసహ్యించుకునే పాత్ర. జుట్టు గురించి వేసిన హాస్యాలే ఎక్కువ. అతని తండ్రి గ్వాడో జాతివాడు, తల్లి మనిషి. రెండు జాతులూ దగ్గరకు రానివ్వని పిల్లవాడు. వీడికి లోకంలో ఒక స్థానం రావాలంటే సిన్‌ను జయించిన వీరుడు కావాలని తలచి, తల్లి అతన్ని చిన్నతనంలోనే జానర్కండ్‌కు తీసుకువెళ్ళి, తానే అతని అంతిమ ఏయాన్ కావడానికి సిద్ధపడుతుంది. ఆ శిథిలాలలో మనకు గతం నీడల్లాగా కనిపిస్తుంది. చిన్న సీమోర్ ఏడుస్తూ వద్దంటాడు. అతనికి కావలసినది తల్లి, గౌరవం కాదు. ఆమె ఆగదు. ఏయాన్ దొరికింది. తల్లి పోయింది. ఆ పిల్లవాడు పెరిగి, బాధ నుంచి విముక్తి చావేనని నమ్మి, తానే సిన్‌గా మారి స్పైరా మొత్తానికి ఆ విముక్తి ప్రసాదించాలనుకుంటాడు.

ఈ పాత్రను గురించి జరగవలసినంత చర్చ జరగలేదని నాకెప్పుడూ కొరతగానే ఉంది. ఎవరి కోసం త్యాగం చేస్తున్నామో వారిని అడగకుండా చేసిన త్యాగం ఎలాంటి మనిషిని తయారు చేస్తుందో ఇంత నిర్దాక్షిణ్యంగా చూపించిన కథలు తక్కువ. ఆ తల్లిని ఆట ఎక్కడా నిందించదు. ఆమె ప్రేమ అబద్ధమనీ అనదు. ఆమె ఏయాన్ రూపం మాత్రం గొలుసులతో బంధించబడి, కళ్ళకు గంతలతో, నొప్పితో కేకలు పెడుతూ ఉంటుంది. ఆ రూపాన్ని చిత్రించినవారికి నా నమస్కారం.

మళ్ళీ ఆ కఠినుల ఆక్షేపణకు వస్తాను. త్యాగాన్ని కాదన్న కథ టీడస్ మాయమవడంతో ఎందుకు ముగిసింది? టీడస్ నిజమైన మనిషి కాదు. వేయి సంవత్సరాల క్రితం నాశనమైన జానర్కండ్ వాసులు, తమ నగరం కలగానైనా బ్రతకాలని, ఫెయిత్‌లనే నిద్రాణమూర్తులుగా మారి నిరంతరం కంటున్న స్వప్నంలో అతనొక భాగం. యూ యెవోన్ అంతమైతే వాళ్ళ కల ఆగుతుంది. కల ఆగితే టీడస్ ఉండడు. ఇది సిన్‌కు కట్టే కప్పం కాదు. ఇంకొక పదేళ్ళ శాంతిని కొనే బేరమూ కాదు. వేయి సంవత్సరాలుగా నిద్రపోతూ కూడా విశ్రాంతి ఎరుగని ఫెయిత్‌లు ఇక చాలునన్నారు. ఈ మొత్తం కథలో అందరికంటే ఎక్కువకాలం బలి అవుతూ వచ్చినవారు వాళ్ళే. గుడుల్లో శిలలై ఉన్న వాళ్ళ ముందు మనం ప్రార్థించి, ఏయాన్ దొరికిందని సంతోషించి వెళ్ళిపోయాం.

అందుకే ఆఖరి పోరాటం అంత వింతగా ఉంటుంది. యూనా తన ఏయాన్లను ఒక్కొక్కదాన్నే పిలవాలి. యూ యెవోన్ ఒక్కొక్కదాన్నే ఆవహిస్తాడు. మనం పేరు పెట్టుకుని పెంచినవాటిని మనమే చంపాలి. ఆ ఘట్టంలో మన పక్షంవాళ్ళు పడిపోయినా తమంతట తామే లేస్తారు. ఓడిపోవడం దాదాపు అసాధ్యం. మొదటిసారి ఆడినవారు చాలామంది, ఆఖరి యుద్ధం ఇంత సులువా అని నిరాశపడ్డారు. అది యుద్ధం కాదు, అంత్యక్రియ. అంత్యక్రియలో గెలుపు ఓటమి ఉండవు, చేయవలసిన పని ముగించడమే ఉంటుంది.

ఐతే టీడస్‌ను నేను ఒక విషయంలో క్షమించలేకపోతున్నాను. తాను మాయమైపోతానని అతనికి ముందే తెలుసు; ఫెయిత్ చెప్పింది. అతను యూనాకు చెప్పలేదు. రహస్యంగా చావు మోయడమంటే ఏమిటో, ఆ రహస్యం అవతలివారిని ఎంత మూర్ఖులుగా నిలబెడుతుందో అల్ బెద్ నివాసంలో అరచి ఏడ్చినవాడు అతనే. అదే పని తాను చేశాడు. దీన్ని అందమైన ప్రతిబింబమని మెచ్చుకునే అభిమానుల వ్యాసాలు చదివాను. అందం సంగతి సరే, యూనాకు ఎంచుకునే అవకాశం లేకుండా చేయడం జానర్కండ్‌లో సీమోర్ తల్లి చేసిన పని కంటే ఎంత దూరం? చెబితే యూనా ఆగిపోయేదేమోనని భయపడి ఉంటాడన్నది ఒక ఊహ. ఆగిపోయేదే అనుకుందాం, ఆ హక్కు ఆమెకుంది. ఫెయిత్‌ల మాట కూడా విన్న తర్వాత ఆమె ఏం నిర్ణయించుకునేదో నాకైతే సందేహం లేదు. ఆమె తెలివినీ ధైర్యాన్నీ నమ్మనివాడు అతనొక్కడే అయ్యాడు.

ఎదుటివారికి చెప్పి, పూర్తిగా తెలిసిన తర్వాత, ఏ ప్రతిఫలమూ లేకుండా ఇచ్చే త్యాగం ఆటల్లో ఉందా అంటే ఒకటి చెప్పగలను. 2017లో వచ్చిన నియర్ ఆటొమాటా. దర్శకుడు యోకో తారో. అన్నీ ముగిశాక, పేర్ల పట్టికతోనే యుద్ధం చేయవలసిన ఘట్టం ఒకటి వస్తుంది. ఒంటరిగా గెలవడం అయ్యే పని కాదు. ఎక్కడెక్కడి ఆటగాళ్ళో పంపిన నౌకలు వచ్చి మన చుట్టూ నిలిచి దెబ్బలు కాస్తాయి. గెలిచిన తర్వాత ఆట అడుగుతుంది, నువ్వూ ఇలా ఇంకొకరికి సాయం చేస్తావా, చేస్తే ఇంతవరకు ఆడి దాచుకున్నదంతా చెరిగిపోతుంది. నువ్వు సాయపడేది నీకు గిట్టని మనిషికే కావచ్చుననీ, నీకెవరూ కృతజ్ఞత చెప్పరనీ కూడా దాచకుండా చెబుతుంది. మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. వద్దంటే తప్పు పట్టదు. యెవోన్ మతానికి చేతకానిది ఇదే. నేను సరే అన్నాను. డజన్లకొద్దీ గంటల శ్రమ కళ్ళముందే ఒక్కొక్క పుట చొప్పున తుడిచిపోయింది. ప్రాణంతో పోలిస్తే అదేమంత త్యాగమని నవ్వేవారు తమ రచనల ప్రతిని ఒకటి అలా చెరిపి చూడాలి.

యూనా దగ్గరకే తిరిగివస్తాను. ఆటలో ఆమె చివరి మాటలు లూకాలో, సిన్ లేని లోకపు జనం ముందు. పోయినవారిని మరవవద్దని అడుగుతుంది. ఆ జనంలో పదేళ్ళ క్రితం ఆమె తండ్రి చావును పండుగ చేసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆపైన అంకితాల జాబితా అంతా నడిచాక, నీళ్ళలో ముడుచుకుని పడుకున్న టీడస్ కళ్ళు తెరచి పైకి ఈదుతున్న చిన్న దృశ్యం. ఆ కొద్ది క్షణాల మీద అభిమానులు అల్లిన ఊహలకు లెక్కలేదు. మరణానంతర లోకమన్నారు, ఇంకొక కల అన్నారు, ఫెయిత్‌ల కృతజ్ఞత అన్నారు. 2003 నాటి రెండవ భాగంలో కొన్ని షరతులు తీర్చిన ఆటగాడికి టీడస్‌ను తిరిగి ఇచ్చేశారు. నాకు అది అంతగా నచ్చలేదు. నచ్చినవారితో తగవు లేదు. ఇరవై గంటలు ఎదురుచూసిన అమ్మాయికి ఆ మాత్రం దక్కవద్దనడానికి నేనెవరిని?

2013 నాటి కొత్త కూర్పుకు ఒక శ్రవ్యనాటికను జతచేశారు. అందులో సిన్ మళ్ళీ వచ్చింది. చాలామంది అభిమానులు మండిపడ్డారు, అంతా వృథా అయిందన్నారు. నాకూ మొదట అదే అనిపించింది. ఆపైన ఒక సంగతి తోచింది. ఈసారి జానర్కండ్‌లో యూనలెస్కా లేదు, బెవెల్‌లో మీకా లేడు, గుడుల్లో ఏయాన్లూ లేవు. యాత్రకు బయలుదేరమని ఎవరికీ నమస్కరించడానికి వీలు లేదు. యూనా మాత్రం తానే ఎదుర్కొంటానంటుంది. ఎవరిని వెంట తీసుకువెళుతుందో, ఎలా ఎదుర్కొంటుందో చెప్పకుండానే ఆ నాటిక ముగిసింది, తరువాయి భాగం రానేలేదు. ఊహించదలచిన మిత్రులకు క్రింద చోటుంది.